అంతేవాసి ఎవరు?

చాలా రోజుల తరువాత టపా వ్రాస్తున్నాను. కంటికి శస్త్రచికిత్స జరిగింది. తెర మీద అక్షరాలు చూడవద్దన్నారు. ఇప్పటికీ చూడవద్దనే అంటున్నారు. కాని కోపం వచ్చినప్పుడు వ్రాయకపోతే నాకు నిద్ర పట్టదన్న సంగతి మీలో పాతవారికి తెలుసు.

క్రిందటి నెలలో మా వీధి చివరి ఇంటి కుర్రవాడు, డిగ్రీలో చరిత్ర చదువుతున్నవాడు, ఒక పుస్తకం పట్టుకుని వచ్చాడు. "మాస్టారూ, మీరు అరకు వైపు పనిచేశారు కదా, ఇక్కడొక సంతకం పెట్టండి" అన్నాడు. చూస్తే అది ఇంటర్న్‌షిప్ నివేదిక. నీలం అట్ట, తీగచుట్టు బైండింగు, లోపల 46 పుటలు. పేరు ఘనంగానే ఉంది: "అరకు గిరిజన సాంస్కృతిక వారసత్వ సంరక్షణ". చివర రెండు నెలల దినచర్య పట్టిక. ప్రతి తేదీకీ ఎదురుగా పనిచేసిన గంటలు. స్థానిక మార్గదర్శకుడు అన్నచోట నా పేరు ముందే టైపు చేయించుకుని తెచ్చాడు.

"ఎన్నాళ్ళున్నావు నాయనా అక్కడ?" అన్నాను. పిల్లవాడు మంచివాడు, అబద్ధమాడలేదు. స్నేహితులతో రైల్లో వెళ్ళి ఒక్క పగలు ఉన్నాడట. సొరంగాలు లెక్కపెట్టాడట, బొంగు చికెన్ తిన్నాడట, థింసా ఆడేవారి ప్రక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడట. మిగిలినదంతా జెరాక్సు షాపువాడు తయారుచేసి ఇచ్చాడు, 700 రూపాయలకు. నేను సంతకం పెట్టనన్నాను. అందుకు వాడు నొచ్చుకోలేదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు: "అందరూ ఇలాగే చేస్తున్నారు మాస్టారూ. మీకేం పోతుంది?"

నాకేం పోతుందో వాడికి అప్పటికప్పుడు చెప్పలేకపోయాను. ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటున్నాను.

తప్పు పిల్లవాడిదని అనను. 2020-21లో మన ఉన్నత విద్యామండలి డిగ్రీ పాఠ్యప్రణాళికను మార్చి, మూడేళ్ళ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది కాగానే రెండు నెలలు సమాజసేవా ప్రాజెక్టు, రెండవ ఏడాది కాగానే మరి రెండు నెలలు, ఆపైన ఒక సెమిస్టరు మొత్తం. తలపు మంచిది. నాలుగు గోడల మధ్య బట్టీ పట్టిన చదువుకు కాస్త ఎండ తగలాలని నేనూ నలభై ఏళ్ళుగా అరుస్తున్నవాణ్ణే. కాని లెక్కలు చదివినవాణ్ణి పిలిచే కంపెనీ ఏదో ఒకటి ఉంటుంది. చరిత్ర, తెలుగు చదివిన పిల్లవాణ్ణి ఎవరు పిలుస్తారు? ఎవరూ పిలవనప్పుడు కాగితం కొనుక్కుంటాడు. కొనేవాడుంటే అమ్మేవాడు ఎట్లాగూ పుడతాడు. ఇక్కడ కడుపు మండే సంగతి ఏమంటే, ఈ పిల్లలు చేయవలసిన పని అరకు నుంచి పాడేరు దాకా, పాడేరు నుంచి చింతపల్లి దాకా కొండలనిండా ఎవరూ ముట్టకుండా పడి ఉన్నది.

ఆ నివేదిక మూడవ పుటలోనే ఉంది చూడండి: బొర్రా గుహలను 1807లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ జార్జి కనుగొన్నాడట. ఈ వాక్యం మీరూ చదివే ఉంటారు. పర్యాటకుల కరపత్రాలలో, అంతర్జాలంలో, పోటీపరీక్షల పుస్తకాలలో ఇదే వాక్యం. ఆ శాఖ పుట్టినది 1851లో. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు అందులో పనిచేసి 1887లో దానికి అధిపతి అయిన మాట నిజమే కాని, 1807 నాటికి ఆయన పుట్టనే లేదు. సరే, తేదీ తప్పు, దిద్దుకోవచ్చు. "కనుగొన్నాడు" అన్న మాటనేం చేద్దాం? గుహ పైకప్పు కన్నంలోంచి ఆవు పడిపోయిన కథ, దాన్ని వెదుక్కుంటూ పోయి లోపల లింగాన్ని చూచిన కాపరి కథ ఆ చుట్టుప్రక్కల ఊళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారు అక్కడ మధ్య ప్రాచీన శిలాయుగపు రాతిపనిముట్లను గుర్తించారు. అంటే కొన్ని పదుల వేల సంవత్సరాలుగా మనుషులకు తెలిసిన గుహను ఒక దొరగారు కనుగొన్నారు! తమ ఊరి గుహను తాము కనుగొనలేదని చదువుకోవలసిన దుస్థితి ఆ కొండపిల్లలది. నేనే వాళ్ళకు ఆ పాఠం చెప్పాను. సిగ్గుపడుతున్నాను.

ఇంటర్న్‌షిప్‌కు తెలుగేమిటని మన పదసృష్టికర్తలు ఒకప్పుడు ఎంతో తర్జనభర్జన పడేవారు. ప్రశిక్షణ అన్నారొకరు, అనుభవాభ్యాసం అన్నారింకొకరు. నాకు తోచిన మాట అంతేవాసిత్వం. గురువు చెంత నివసించి నేర్చుకునేవాడు అంతేవాసి. పాత మాటే, అమరావతి బ్రాహ్మీ శాసనాలలో భిక్షువుల శిష్యులను ఈ మాటతోనే చెప్పారు. నిఘంటువులో దీనికి మరొక అర్థం కూడా ఉన్నది, అది అంత మర్యాదైనది కాదు: ఊరి పొలిమేరలో, అంటే అంచున నివసించేవాడని, ఊరు తనలో కలుపుకోనివాడని. కొండవారిని మనం ఈ రెండవ అర్థంలో అంతేవాసులను చేశాం. మన పిల్లలు మొదటి అర్థంలో వారికి అంతేవాసులు కావాలి. నా వాదం మొత్తం ఇంతే. తక్కిన వ్రాత దీనికి వ్యాఖ్యానం.

ఇట్లా అన్నవాణ్ణి నేను మొదటివాణ్ణి కాను. గిడుగు రామమూర్తి పంతులుగారి పేరెత్తడానికి తెలుగు పండితుడిగా నాకు కొంచెం సంకోచం ఉంది. మా వర్గం ఆయనను పెట్టిన తిప్పలు తక్కువేమీ కావు. భాషాపోరాటం సంగతి అందరికీ తెలుసు. కాని పర్లాకిమిడిలో ఆయన ఒక బడిపంతులు, చరిత్ర చెప్పే పంతులు. ముఖలింగం గుడి గోడల మీద శాసనాలు చూచి, ఏ కళాశాలా పంపకుండానే, లిపిశాస్త్రం పుస్తకాలు తెప్పించుకుని సొంతంగా చదవడం నేర్చుకున్నాడు. సవరలను చూచి, ఒక సవరను ఇంట్లో పెట్టుకుని వాళ్ళ భాష నేర్చుకున్నాడు. 1931లో ఆ భాషకు వ్యాకరణం అచ్చయింది, ఆపైన నిఘంటువులు వచ్చాయి. ఆ ఇంట్లో గురువెవరు, అంతేవాసి ఎవరు? జీతం తీసుకున్నది ఎవరు, ఇచ్చినది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు తెలిసినవాడే కొండ మీద చరిత్ర వ్రాయగలడు. అరకు ప్రాంతపు కొండదొరల కూబి భాషకు భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యాకరణం వ్రాసినది (అది 1969లో వెలువడింది) కూడా వాళ్ళ చెంత కూర్చుని విన్నందువల్లనే. నివేదిక కొనుక్కుంటే ఆ వినడమే పోతుంది.

"పురాతత్త్వం నిపుణుల పని, డిగ్రీ కుర్రవాళ్ళు చెడగొడతారు" అని నా పాత సహోద్యోగి ఒకాయన ఫోనులో అన్నారు. గునపం పట్టుకుంటే నిజంగానే చెడగొడతారు. తవ్వకం అనుమతి లేనిదే ఎవరూ చేయకూడదు. పిల్లలు అసలే చేయకూడదు. కాని తవ్వడం పురాతత్త్వంలో చిన్నభాగం. చూడడం, కొలవడం, గీయడం, ఫోటో తీయడం, ఎవరు ఏమని పిలుస్తారో వ్రాసుకోవడం: పెద్దభాగం ఇది. కోటిలింగాలలో తవ్వకాల కంటె ముందే నాణేలు ఏరి దాచి, పరబ్రహ్మశాస్త్రిగారికి చూపినది ఒక పోస్టుమాస్టరు. ఆయన దాచకపోతే శాతవాహనుల మొదటి అధ్యాయం ఇంకోలా ఉండేది. విశాఖ ప్రక్కన తొట్లకొండ 1976లో బయటపడినది నౌకాదళంవారి విమాన సర్వేక్షణలో. వాళ్ళు వెదికినది బౌద్ధారామాన్ని కాదు.

కొండల మీద ఏముందంటారా? ఒక ఉదాహరణ చెబుతాను. దిబ్బిడ అగ్రహారం తామ్రశాసనం శక సంవత్సరం 1191 నాటిది, అంటే 1269. ఒడ్డాది మత్స్యవంశపు అర్జునుడు వేయించాడు. ఆ శాసనంలో వంశ మూలపురుషుడు చేప కడుపున పుట్టినట్టు కథ ఉంది. శాసనం దొరికినది మైదానంలో. కొండెక్కి హుకుంపేట వైపు పోతే మత్స్యగుండం ఉంది. ఆ గుండంలో చేపలను ఎవరూ పట్టరు, దేవుళ్ళని నమ్ముతారు, శివరాత్రికి తీర్థం జరుగుతుంది. రాగిరేకు మీద రాజుగారి కథ పండితులు చదివి అచ్చువేశారు. గుండం ఒడ్డున ముసలివాళ్ళు చెప్పే కథను ఎంతమంది, ఎన్ని ఊళ్ళలో, ఏ భాషలో వ్రాసుకున్నారు? రెండింటినీ ఒకచోట పెట్టి చూడడానికి డిగ్రీ విద్యార్థి చాలడా? చాలదంటే మనం చెప్పే చదువు మీదనే అనుమానం.

ఇంకొక్కటి. గదబలు, సవరలు చనిపోయినవారి పేర రాళ్ళు నిలబెట్టే ఆచారం గలవారు. హైమెండార్ఫ్ 1943లోనే గదబల, బోండోల రాతి ఆచారాల మీద వ్యాసం వ్రాశాడు. మనం మైదానంలో రాకాసిగుళ్ళ రాళ్ళు చూచి, వీటినెవరు నిలిపారో, ఎందుకు నిలిపారోనని పుస్తకాలు వ్రాస్తాం. ఎందుకు నిలుపుతారో నోటితో చెప్పగల మనుషులు కొండ మీద ఉన్నారు. వాళ్ళు పోతున్నారు. ఇందుకు జెరాక్సు షాపులో మందు లేదు.

ఇప్పుడు నా సొంత పాపం. 1988లో నేనొక కొండ ఊరి బడిలో ఉన్నాను. ఏడవ తరగతి కొండదొర పిల్లవాడొకడు గుడ్డలో చుట్టి ఒక రాయి తెచ్చాడు. అరచేయంత, అద్దంలా నునుపు, ఒక కొస పదును. వాళ్ళ నాయనమ్మ దాన్ని ధాన్యపు గాదె మీద ఉంచి పూజించేది. పిడుగురాయి, అది ఉన్న ఇంటి మీద పిడుగు పడదు. నాకు తెలిసినంతలో అది కొత్తరాతియుగపు గొడ్డలి. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఆ రోజులలోనే పరిశోధనకని మైదానం నుంచి ఒక బృందం వచ్చింది, వెంట ఇద్దరు విద్యార్థులు కూడా. నేనే వాళ్ళకు చూపించాను, నేనే ముసలమ్మను ఒప్పించాను. పరీక్షించి పంపిస్తామన్నారు. రశీదు అడగాలని నాకు తోచలేదు. పెద్ద చదువులవాళ్ళను రశీదు అడగడం అమర్యాద అనుకున్నాను.

మూడు ఉత్తరాలు వ్రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. వానలు మొదలయ్యాక ముసలమ్మ బడికి వచ్చి గుమ్మం బయట కూర్చుంది. "రాయేది మాస్టరుబాబూ?" అని అడిగింది. ఆ ఏడు వాళ్ళ కళ్ళం ప్రక్క చెట్టు మీద పిడుగు పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఆమె మళ్ళీ నన్ను అడగలేదు. అడగకపోవడమే నాకు శిక్ష.

శాస్త్రానికైనా మేలు జరిగిందా అంటే, అదీ లేదు. ఆ రాయి ఏ చేలో, ఎంత లోతులో, దేనితో పాటు దొరికిందో ఎవరూ వ్రాసుకోలేదు. అది ఇప్పుడు ఏ బీరువాలో ఉన్నా ఊరూ పేరూ లేని రాయి. ఇటు దేవుడు పోయాడు, అటు ఆధారమూ పోయింది. ఆ బృందంలోని ఇద్దరు విద్యార్థులకు మాత్రం ధ్రువపత్రాలు వచ్చే ఉంటాయి.

అమెరికాలో దీనికి సాంస్కృతిక వనరుల నిర్వహణ అని ఒక వృత్తే ఉంది. 1966లో వారు చేసుకున్న చట్టం ప్రకారం, ప్రభుత్వ ధనంతోనో అనుమతితోనో రోడ్డో ఆనకట్టో కట్టే ముందు అక్కడ చారిత్రక స్థలాలకు ఏమవుతుందో విచారించాలి. అందువల్ల అక్కడి పురాతత్త్వజ్ఞులలో అధికులు విశ్వవిద్యాలయాలలో కాక ఈ పనిలో ఉన్నారు. విద్యార్థులు ఇంటర్న్‌షిప్ చేసేదీ వీరి దగ్గరే. 1992లో చేసిన సవరణతో ఆదిమజాతులు తమ నేల మీద ఈ బాధ్యతను తామే తీసుకునే వీలు కలిగింది. "వనరు" అన్న మాట నాకు నచ్చదు. ముసలమ్మ దేవుణ్ణి వనరంటే ఆమె ఒప్పుకోదు. పద్ధతి మాత్రం నచ్చింది. మన దగ్గర పురావస్తు చట్టాల రక్షణ ప్రధానంగా జాబితాకెక్కిన కట్టడాలకు, వాటి చుట్టూ కొన్ని వందల మీటర్లకు. జాబితాకెక్కని జాకర దేవత తోపుకు, శంకుదేవుడి రాయికి ఏ మీటరూ లేదు. ముందు జాబితా ఉండాలి. ఆ జాబితా వ్రాసే చేతులు లేవంటారు; పది నెలల పాటు పని లేని చేతులు మన కళాశాలల నిండా ఉన్నాయి.

జాబితా ఉంటే ఏమవుతుందో, లేకపోతే ఏమవుతుందో తెలుగువారికి తెలియనిది కాదు. నాగార్జునసాగరం కట్టేటప్పుడు, 1954 నుంచి 1960 దాకా, నాగార్జునకొండ లోయనంతా తవ్వి, కట్టడాలు పైకి తరలించి, ద్వీపం మీద ప్రదర్శనశాల పెట్టారు. అదే దశకంలో, 1955లో మాచ్‌ఖండ్ విద్యుత్తు మొదలైంది. జలాపుట్ జలాశయం క్రింద మునిగిన కొండ ఊళ్ళకు అటువంటి ద్వీపం లేదు. ఇప్పుడు మళ్ళీ కొండల మీద జలాశయాల మాట, గనుల మాట, విడిది గృహాల మాట వినిపిస్తున్నాయి. ప్రజాభిప్రాయ సేకరణ రోజున ఊరివాళ్ళు లేచి "ఇక్కడ మా దేవుడున్నాడు" అంటే, వ్రాసుకునే అధికారి "ఆధారమేది?" అంటాడు. ఊరి దగ్గర కొలతలతో, పటాలతో, తేదీలతో ఒక పుస్తకం ఉంటే కథ వేరు. బొర్రా పంచాయతీ ఊళ్ళ గనుల మీదనే కదా 1997లో సమత తీర్పు వచ్చినది! కాగితం పట్టుకుని నిలబడితే ఏమవుతుందో ఆ కొండలకు తెలుసు.

అధికారం కూడా కాగితం మీద ఉన్నదే. 1996 నాటి పెసా చట్టం తమ ఆచారాలను, సాంస్కృతిక అస్తిత్వాన్ని కాపాడుకునే సామర్థ్యం గ్రామసభకు ఉందని చెప్పింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సాంస్కృతిక వారసత్వాన్ని దెబ్బతీసే పనులను అడ్డుకోమన్నది. కాబట్టి కళాశాల నుంచి పిల్లవాడు బయలుదేరితే ముందు అడగవలసినది ప్రిన్సిపాలుగారినో పర్యాటక శాఖనో కాదు, గ్రామసభను. వద్దంటే తిరిగి రావాలి. ఆ "వద్దు"ను కూడా నివేదికలో వ్రాయాలి, దానికీ మార్కులు వేయాలి.

ఇక కూలి మాట. పిల్లల ఇంటర్న్‌షిప్‌కు భృతి ఎందుకు, నేర్చుకుంటున్నారు కదా అంటారు. మైదానపు పిల్లవాడికి ఇంటి నుంచి డబ్బు వస్తుంది. అరకులోనో పాడేరులోనో చదివే కొండపిల్లవాడు సెలవులలో కాఫీతోటకో, ఇటుకబట్టీకో, ఉపాధిపనికో పోతేనే ఇల్లు గడుస్తుంది. రెండు నెలలు ఉత్త చేతులతో పనిచేయమంటే వాడు చేయలేడు, నివేదిక కొనుక్కుంటాడు. కువి, కూబి, కోటియా భాషలు తెలిసినవాడు, ముసలివాళ్ళు నమ్మేవాడు, నిజానికి ఈ పనికి అందరికంటె తగినవాడు ఇట్లా తప్పుకుంటాడు. అప్పుడు భాష రాని మావీధి కుర్రవాడు ఫోటో దిగి వస్తాడు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఆ జిల్లాకు ఏ పేరు పెట్టారో గుర్తు చేసుకోండి. గూడెం కొండలలో బాస్టియన్ అనే అధికారి నామమాత్రపు కూలికి రోడ్డు పని చేయించినందుకు రగిలిన మనుషులతోనే అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద పడ్డాడు. ఇంటర్న్‌షిప్‌ను వెట్టితో పోల్చడం అతిశయోక్తి అంటారా? అలంకారశాస్త్రం చదివినవాణ్ణి, ఎంత మోతాదు వాడానో నాకు తెలుసు. కొండపిల్లవాడికి భృతి, కథ చెప్పిన ముసలివాళ్ళకు ఆ రోజు కూలి: ఇవి రెండూ లేనిదే ఈ పనిని చదువు అనవద్దని నా మనవి.

ఒక ప్రమాదం మాత్రం నేను తేలికగా తీసుకోలేను. ఉత్సాహం కొద్దీ మనవాళ్ళు ప్రతి రాయినీ అక్షాంశ రేఖాంశాలతో అంతర్జాలంలో పెట్టేస్తారు. గుప్తనిధుల పిచ్చివాళ్ళు ఎదురుచూసేది అందుకే. మర్నాటికి అక్కడ గొయ్యి, కోసిన కోడి తల, పసుపు నిమ్మకాయలు మిగులుతాయి. వికీలో వ్యాసాలు వ్రాసే మిత్రులకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను: ఊరి పేరు వరకు చాలు. కచ్చితమైన చోటు ఊరి పుస్తకంలో ఉండాలి, గ్రామసభ పెట్టెలో. మీ రచనకు ఒక ఆధారం తగ్గితే తగ్గనివ్వండి.

మా వీధి కుర్రవాడి సంగతి చెప్పలేదు కదూ. సంతకం మరెవరో పెట్టారు. నివేదిక ఆమోదం పొందింది, మంచి మార్కులే వచ్చాయట. కాని మొన్న ఆదివారం మళ్ళీ వచ్చాడు, ఈసారి పుస్తకం లేకుండా. వాడి తరగతిలో అరకు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లవాడొకడు ఉన్నాడట. పిడుగురాయి కథ వీడు చెబితే, "మా అమ్మమ్మ దగ్గరా ఉంది" అన్నాడట. వచ్చే సెలవులకు ఇద్దరూ కలిసి వెళ్దామనుకుంటున్నారు, పదకొండు రోజులు. నా రాయి దొరికిన ఊరి పేరు, అప్పటి హాజరుపట్టీ నుంచి వ్రాసి ఉంచుకున్న పిల్లల పేర్లు ఇచ్చాను. ఆ ముసలమ్మ మనుమడికి ఇప్పుడు నలభై అయిదు దాటి ఉంటుంది.

ఏ రాయినీ ఊరు దాటించవద్దని చెప్పాను. ఫోటో తీసినా, కథ విన్నా ఇంటివారికి కాగితం వ్రాసి ఇవ్వాలన్నాను. "మా దగ్గర అలాంటి కాగితాలు లేవు మాస్టారూ" అన్నాడు. సాయంత్రం బజారుకు వెళ్ళి, కార్బను కాగితాలతో సహా ఒక రశీదు పుస్తకం కొని తెచ్చాను.